నాడా ఊడిన ఎద్దుకు గిట్ట తొడుగు



భానూరు నుండి పటాన్‌చెరు వైపు తారురోడ్డుపై బండి తోలువారు ఎద్దులకు నాడాలు కొట్టించక తప్పదు. దుక్కిలో మెత్తని నేల గిట్టను అంతగా అరగదీయదు, రోడ్డు అరగదీయును. గుర్రమునకు కాలికి ఒకటే నాడా. ఎద్దు గిట్ట చీలియుండుటచే కాలికి రెండు బిళ్లలు, నాలుగు కాళ్లకు ఎనిమిది. ఒకటి ఊడినచో అడుగు వంకర పోవును, మేకుల రంధ్రముల వద్ద గిట్ట అంచు పెచ్చులూడును.

నాడా కొట్టువారు నేడు ఊరూర లేరు. వారు దొరకు వరకు అట్టి ఎద్దును బండికి కట్టరాదు. ఇంటికి నడిపించుటకు మాత్రము తోలు తొడుగు గాని, పాత ట్యూబు ముక్క గాని చాలును. ముందుగా విరిగిన మేకులు తీసి, గిట్టల సందు కడిగి ఆరనీయవలెను. గాజుపెంకు, ఇనుప ముక్క గ్రుచ్చుకొన్నదేమో చూడవలెను. ఫ్యాక్టరీల దారులలో ఇవి కొల్లలు. మిగిలిన నాడా అంచు తొడుగును కోయకుండ లోపల గోనెగుడ్డ మడత పెట్టవలెను. గిట్టపై వెంట్రుకలు మొదలగు చోట కట్టు ఒరయరాదు.

కొట్టమునకు రాగానే తొడుగు విప్పివేయవలెను. మేతకు విడుచునప్పుడు కూడ కొందరు ఉంచుదురు. అది నాకు నచ్చదు. చెమ్మ నిలిచి గిట్ట మెత్తబడును, సందు ఒరసి పుండు పడును. కుంటుగాని చీముగాని కనిపించినచో తొడుగు మాట మాని పశువైద్యునికి చూపవలెను. నోట చొంగ కూడ కారుచున్నచో గాలికుంటు కావచ్చును. ఆ ఎద్దును మందలోనికి విడువరాదు.