లివర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో కత్తి పట్టని డాక్టర్

లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అనగానే మనకి సర్జనే గుర్తొస్తాడు కదా. మా బాబాయ్‌కి సిరోసిస్ వచ్చేదాకా నేనూ అంతే. హైదరాబాద్‌లో ఆయన్ని రోజూ చూసిన డాక్టర్ అసలు ఆపరేషనే చెయ్యడు. ట్రాన్స్‌ప్లాంట్ హెపటాలజీలో ఫెలోషిప్ చేస్తున్నాడు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ 3, డీఎం 3, ఆ పైన ఇది ఇంకో ఏడాది. మనం బీటెక్ 4 ఏళ్లకే అలిసిపోయాం!

ఇందులో ముఖ్యంగా నేర్చుకునేది టైమింగ్. బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్, సోడియం కలిపి మెల్డ్ స్కోర్ లెక్కేస్తారు, 6 నుంచి 40 దాకా. స్కోర్ తక్కువున్నప్పుడే చేస్తే ఆపరేషన్ రిస్కే ఎక్కువ. మరీ ఆలస్యమైతే ఒళ్లు తట్టుకోలేదు. ఆ ఫార్ములా నేను పది లైన్ల కోడ్‌లో రాసేస్తా. కానీ కండ కరిగిపోవడం, ఇన్ఫెక్షన్, పొట్టలో నీరు ఆ నంబర్‌లో కనపడవు. పేషెంట్‌ని చూడాల్సిందే.

బాబాయ్ కొడుకు, మా తమ్ముడు, లివర్ ఇస్తానన్నాడు. వాడూ సాఫ్ట్‌వేరే. స్కాన్‌లో ఫ్యాటీ లివర్! "పర్లేదు సార్, తీసుకోండి" అన్నాడు. పక్కన పిన్ని ఏడుస్తోంది. ఆ డాక్టర్ సీనియర్లతో మాట్లాడొచ్చి కుదరదన్నాడు. "ఇప్పుడు తీస్తే నీలో మిగిలేది నీకే చాలకపోవచ్చు. ముందు బరువు తగ్గు."

రెండు నెలలు నడక, బిర్యానీ బంద్. ఈలోపు బాబాయ్ స్కోర్ 18 నుంచి 24కి పెరిగింది. నిజం చెప్పాలంటే ఆయన్ని తిట్టుకున్నాం కూడా. తమ్ముడు 9 కిలోలు తగ్గాక మళ్లీ స్కాన్ తీసి, అప్పుడు ఓకే అన్నారు.

ఇప్పుడిద్దరూ బాగున్నారు. టాక్రోలిమస్ లెవల్ రిపోర్ట్ రాగానే బాబాయ్ వాట్సాప్ చేసేది ఇప్పటికీ ఆ డాక్టర్‌కే.