మళ్లీ ఒకసారి చూడండి

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులందరికీ నా మనఃపూర్వక అభినందనలు.

మీ హౌస్ సర్జెన్సీ పూర్తయింది. ఇకపై మీలో కొందరు పీజీలో చేరి ఫస్ట్ ఇయర్ రెసిడెంట్లు అవుతారు. కొందరు పీహెచ్‌సీలకు వెళ్తారు. ఇంకొందరు ప్రవేశ పరీక్షకు చదువుకుంటూ ఏదో ఒక ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరతారు. ఎక్కడికి వెళ్లినా రాబోయే మూడు నాలుగేళ్లలో రాత్రి డ్యూటీ మాత్రం మీ వాటాకు తప్పకుండా వస్తుంది. యూనిట్ చీఫ్ పొద్దున రౌండ్స్‌లో ప్రతి మంచం దగ్గరా కొన్ని నిమిషాలు ఆగి వెళ్తారు. మిగిలిన వేళంతా ఆ మంచం పక్కన మీరే ఉంటారు.

నా ఉద్యోగ జీవితమంతా జనరల్ మెడిసిన్ వార్డుల్లో గడిచింది. అక్కడ నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే విలువైనదిగా నాకు తోచిన సంగతి ఈ రోజు మీకు చెబుతాను. జబ్బేమిటో తేల్చి మందు రాయడంతో వైద్యం అయిపోదు. ఆ తర్వాత రోగిని కనిపెట్టుకుని ఉండటంలోనే సగం వైద్యం ఉంది. ఆ సగం మీదే. అది చిన్న పని అని ఎవరు చెప్పినా నమ్మకండి.

మన క్యాజువాలిటీలకు బాగా తెలిసిన కేసు పురుగుల మందు తాగినవాళ్లది. ఆర్గానోఫాస్ఫరస్ మందైతే ఆట్రోపిన్ ఇవ్వాలని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. వార్డులో ఆ ఒక్క వాక్యానికి ఒక రాత్రి పడుతుందని హౌస్ సర్జెన్సీలో మీరే చూశారు. ఐదు నిమిషాలకోసారి ఛాతీ వినాలి. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గకపోతే డోసు రెట్టింపు చేయాలి. నాడి, బీపీ, చంకల్లో చెమట, కంటిపాప చూసుకుంటూ పోవాలి. ఛాతీ తేటపడి ఇన్ఫ్యూజన్ మొదలుపెట్టాక కూడా మంచం వదలడానికి లేదు. ఆట్రోపిన్ ఎక్కువైతే ఒళ్లు కాలిపోతుంది, మూత్రం బిగుసుకుంటుంది, రోగి కలవరిస్తూ మంచం దిగి పోబోతాడు. తక్కువైతే ఊపిరి ఆడదు. ఈ రెంటి మధ్య దారి మీ స్టెతస్కోపుకూ మీ చేతివేళ్లకూ మాత్రమే దొరుకుతుంది.

రెండు మూడు రోజులకు అతను లేచి కూర్చుంటాడు. అన్నం అడుగుతాడు. ఇక ఇంటికి పంపమని అటెండెంట్లు తొందరపెడతారు. ప్రమాదం పొంచి ఉండేది అప్పుడే. మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో మెడ కండరాలు పట్టు తప్పుతాయి. ఆ వెనకే ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. దీనికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరుపెట్టి 1987లో ప్రపంచానికి వివరించినవాళ్లు మన పొరుగున శ్రీలంక వైద్యులు సేననాయకే, కరల్లియద్ద. మనలాంటి వార్డుల్లో, మన రోగుల్లాంటి రోగుల మంచాల పక్కనే వాళ్లు దాన్ని పట్టుకున్నారు. దాన్ని ముందే పసిగట్టే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ‘దిండు మీంచి తల ఎత్తు బాబూ’ అని అడిగితే చాలు. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలి. పూటపూటకూ ఆ మాట అడిగే జూనియర్ డాక్టర్ ఉన్న వార్డులో ఆ మనిషికి బతికే అవకాశం పెరుగుతుంది. ఆ మందు ఎందుకు తాగావని మాత్రం అతన్ని గద్దించకండి. అతను కోలుకున్నాక సైకియాట్రీ వాళ్లకు చూపించకుండా డిశ్చార్జి రాయకండి.

పాము కాటు తీసుకోండి. మన దగ్గర దొరికే యాంటీ స్నేక్ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి విషానికి పనిచేస్తుంది. రక్తపింజరి కరిచిందేమో, రక్తం గడ్డకట్టే గుణం పోయిందేమో తెలుసుకోవడానికి పొడిగా ఉన్న శుభ్రమైన గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బు అంటిన ట్యూబు వాడినా ఫలితం తప్పు వస్తుంది. మొదటిసారి గడ్డ కట్టిందని ఊరుకోకుండా ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. కట్లపాముది ఇంకో తీరు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరిచి పోతుంది. వాపు ఉండదు, నొప్పి అంతగా ఉండదు, ఒక్కోసారి కాటు గుర్తు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అనో, మింగలేకపోతున్నాననో వచ్చిన పిల్లవాడి కనురెప్పలు వాలుతున్నాయని గమనించేది ఆ వేళ డ్యూటీలో ఉన్న మీరే.

ఇక లేబర్ రూము. గుర్రపువాతంతో ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. అనేక దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై ట్రయల్, బీపీ పెరిగిన గర్భిణులకు ఈ మందు ముందే ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. తల్లుల ప్రాణాలు కాపాడే ఈ మందు చాలా చవక. అయితే మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు మోకాలి దగ్గర సుత్తితో తట్టి చూడాలి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి, మూత్రం ఎంత వచ్చిందో కొలవాలి. కాల్షియం గ్లూకోనేట్ చేతికి అందేలా ఉంచుకోవాలి. మందు గొప్పదే కానీ, ఆ సుత్తి పట్టుకున్న మనిషి మేలుకుని ఉంటేనే అది మందు.

పంట చేతికొచ్చే వేళ రైతు రాత్రంతా మంచె మీద కూర్చుని చేను కాస్తాడు. దున్నడం, నాటడం ఎంత వ్యవసాయమో ఆ కావలి కూడా అంతే వ్యవసాయం. మీ రాత్రి డ్యూటీని ఆ కంటితో చూడండి.

అయితే కావలి కాసే మనిషి మారుతూ ఉంటాడు. పొద్దున మీరు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. చాలాసార్లు రోగి చేయి జారిపోయేది ఆ సందులోనే. అమెరికా, కెనడాల్లో తొమ్మిది ఆస్పత్రుల్లోని పిల్లల వార్డుల్లో రెసిడెంట్లకు డ్యూటీ అప్పగించే పద్ధతిని ఒక క్రమంలో నేర్పి చూశారు. ఎవరి పరిస్థితి విషమంగా ఉంది, ఇంతవరకు ఏం జరిగింది, ఇంకా ఏం చేయాలి, ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి, చివర్లో విన్నవాళ్లు విన్నది తిరిగి చెప్పడం. ఇంతే ఆ పద్ధతి. దాని పేరు ఐ-పాస్. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి, నివారించదగిన హాని 30 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ‘ఆరో బెడ్ పేషెంట్ మెడ మధ్యాహ్నం నుంచి నీరసంగా ఉంది, గంటకోసారి చూడండి’ అనే మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరడమే ఆ వైద్యం. చూసింది కేస్ షీట్‌లో రాయండి, టైము వేయండి, సంతకం పెట్టండి. రాసిందాన్ని నోటితో కూడా అప్పగించి వెళ్లండి.

కనిపెట్టుకుని ఉండేవాళ్లకు అనుమానం రావాలి. అనుమానం వచ్చినప్పుడు పిలవాలి. రాత్రి రెండింటికి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఫోన్ చేయడానికి మీ వేళ్లు వెనకాడతాయి. ఇంత చిన్నదానికి నిద్ర లేపావా అంటారేమోనని భయం. ఆ భయానికి ఖరీదు రోగి చెల్లించకూడదు. ఒకరు విసుక్కుంటే ఇంకొకరిని పిలవండి. ఇరవై ఏళ్లుగా ఆ వార్డులో ఉన్న స్టాఫ్ నర్సు ‘డాక్టరుగారూ, ఈయన ఎందుకో తేడాగా ఉన్నాడు’ అంటే చేతిలో పని ఆపి వెళ్లి చూడండి. ఆ ‘ఎందుకో’ వెనక వేల రాత్రుల అనుభవం ఉంటుంది. వేదిక మీద ఉన్న నా తోటి అధ్యాపకులకు కూడా ఒక మనవి. నడిరాత్రి వచ్చే ఫోన్‌కు మనం ఏ గొంతుతో జవాబిస్తామో, మర్నాడు జూనియర్ మళ్లీ పిలుస్తాడా లేదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఇక నిద్ర గురించి చెప్పాలి. ముప్ఫై ఆరు గంటల డ్యూటీని మన వృత్తి గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది. 2004లో అమెరికాలోని బోస్టన్‌లో బ్రిగమ్ ఆస్పత్రి ఐసీయూలలో ఇంటర్న్‌లను గమనించారు. సుదీర్ఘమైన పాత డ్యూటీల్లో, తగ్గించిన డ్యూటీల కంటే దాదాపు 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు జరిగాయని తేలింది. చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, నిద్ర లేనివాళ్లు. మన దేశంలో 1992 నాటి రెసిడెన్సీ పథకమే జూనియర్ రెసిడెంట్ల చేత మామూలుగా ఒక దఫాకు పన్నెండు గంటలు మించి పని చేయించకూడదంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించకూడదని, వారంలో ఒక రోజు సెలవు ఉండాలని సిఫార్సు చేసింది. కాగితం మీద ఉన్నది డ్యూటీ చార్టులోకి రావాలి. అది జూనియర్ల మీద దయ చూపించడం కాదు, రోగికి చేసే న్యాయం.

ఆ బ్రిగమ్ పేరు విన్నప్పుడల్లా నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. మద్రాసులో చదువుతుండగా ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్న మనిషి. తర్వాత హార్వర్డ్‌కు వెళ్లి, చదువు సాగడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. బెడ్‌పాన్లు కడిగారు. ఆ చేతులే తర్వాత ఫోలిక్ యాసిడ్ పరిశోధనలో, మెథోట్రెక్సేట్ పుట్టుకలో, మన కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు ఊరూరా పంచిన డైఈథైల్ కార్బమజైన్ వెనక ఉన్నాయి. ఆస్పత్రిలో రాత్రి చేసే ఏ పనీ తక్కువది కాదని చెప్పడానికి తెలుగువాళ్లకు ఆయన జీవితం చాలు.

చివరిగా రెండు ముఖ్య విషయాలు. మొదటిది భద్రత. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న ఒక యువ వైద్యురాలికి జరిగిన ఘోరం మనలో ఎవరమూ మరిచిపోలేం. డాక్టర్ల మీద, ఆస్పత్రుల మీద దాడులను శిక్షించేందుకు మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. చట్టంతో పాటు తలుపుకు గొళ్లెం ఉన్న డ్యూటీ గది, వెలుగున్న కారిడార్, పిలిస్తే పలికే సెక్యూరిటీ కావాలి. వాటిని అడగడం మీ హక్కు, ఏర్పాటు చేయడం మా బాధ్యత. దాడికి ఏ కారణమూ సాకు కాదు. అయినా ఒక మాట మీ చేతిలో ఉంది. కారిడార్లో చాప పరుచుకుని కూర్చున్న అటెండెంట్లకు రాత్రికి ఒకసారైనా వెళ్లి చెప్పండి: ‘పెద్దమ్మా, మీ ఆయన పరిస్థితి ఇది. ఇది చేస్తున్నాం. తెల్లారేసరికి ఇలా ఉండొచ్చు, ఇలా కూడా కావచ్చు.’ రెండు నిమిషాల ఆ మాట వాళ్ల భయాన్ని తగ్గిస్తుంది.

రెండోది మీ మనసు. ఇందాక చెప్పిన టాస్క్‌ఫోర్స్ సర్వేకు జవాబిచ్చిన పీజీల్లో 31 శాతం మందికి చావు ఆలోచనలు వచ్చాయని తెలిసింది. ఇక్కడ కూర్చున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక రోజు అలాంటి రాత్రి రావొచ్చు. వస్తే దాచుకోకండి. స్నేహితుడికి చెప్పండి, సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లండి, 14416 టెలీ మానస్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. పక్క గదిలో ఉండే బ్యాచ్‌మేట్ నాలుగు రోజులుగా మెస్‌కు రాకపోతే తలుపు తట్టండి. రోగిని కనిపెట్టుకుని ఉన్నట్టే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు మొదటి ఏడాది పండగకు రాలేకపోవచ్చు, ఫోన్ ఎత్తలేకపోవచ్చు. ఎప్పుడు సెటిలవుతావని అడిగే ముందు, తిన్నావా, పడుకున్నావా అని అడగండి.

యువ వైద్యులారా, ఐదున్నరేళ్లు ఈ ఆస్పత్రికి వచ్చిన పేదలు తమ ఒళ్లు చూపించి మీకు చదువు చెప్పారు. ఆ బాకీ తీర్చే దారి ఒకటే. రోగిని మళ్లీ ఒకసారి చూడండి. అనుమానం వస్తే పిలవండి. చూసింది రాయండి, రాసింది అప్పగించండి. అప్పగించాక వెళ్లి నిద్రపోండి, రేపు మళ్లీ చూడాలి కదా.