హక్కుల పత్రములు – అడవి పల్లెలు

 

1948 డిసెంబరు 10వ తేదీన పారిస్ నగరమున ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినది. 48 దేశములు అనుకూలముగా ఓటు వేసినవి. 8 తటస్థముగా నుండెను. వ్యతిరేకించినది ఒక్కటియు లేదు. తొలి అధికరణమున ‘పురుషులందరు’ అను అర్థము వచ్చు మాటను ‘మానవులందరు’ అని మార్పించిన ఘనత భారత ప్రతినిధి హంసా మెహతాది. అప్పటికి హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసి మూడు మాసములైనను నిండలేదు. బానిసత్వము కూడదను నాలుగవ అధికరణము యొక్క విలువను, వెట్టిచాకిరి చేసిన కరీంనగరు పల్లెలకు వేరుగ బోధింప నక్కరలేదు.

అయినను ఆ పత్రమున ఒక కొరత కలదు. హక్కులు దాదాపుగ అన్నియు వ్యక్తి పేరనే వ్రాయబడినవి. ఆస్తిని ఒంటరిగను, ఇతరులతో కలిసియు కలిగియుండవచ్చునని పదునేడవ అధికరణము చెప్పుచున్నది. మంచిదే. కాని పట్టా కాగితమే యెరుగక, పోడు కొట్టుకొని బ్రదికిన గోండు, కోలాము గూడెముల మాట యేమి? వారి నేల సర్కారు అడవిలో కలిసిపోయినది. ఆ తగవులోనే 1940లో జోడేఘాట్ గుట్టలలో కొమరం భీము నేలకొరిగెను. ఆ పిమ్మట నిజాం ప్రభుత్వము హైమెండార్ఫ్ పండితునిచే గిరిజనుల కష్టములను విచారింపజేసి, కొందరికి పట్టాలిచ్చినది. తుపాకి ముందు, విచారణ వెనుక!

ఈ కొరత తీర్చుటకు సమితి 2007 సెప్టెంబరు 13న ఆదివాసుల హక్కుల ప్రకటన చేసినది. 144 దేశములు ఔనన్నవి. కాదన్నవి నాలుగు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు. ఇరుగుపొరుగుల హక్కులను గూర్చి తీర్పులు చెప్పు రాజ్యములు తమ నేల ప్రసక్తి రాగానే వెనుదీసినవి. 2010 నాటికి గాని మనసు మార్చుకొనలేదు. మన దేశము ఔనన్నది గాని, స్వాతంత్ర్యానంతరము ప్రజలందరు మూలవాసులేయని కూడ చెప్పినది. అందరును మూలవాసులైనచో, 1981 ఏప్రిల్ 20న భూమి గోడు చెప్పుకొన ఇంద్రవెల్లికి వచ్చి పోలీసు కాల్పులకు గురియైన గోండులకు ప్రత్యేకముగ దక్కునదేమి? పరులను తూచిన త్రాసుననే మనలను తూచవలెను.

రెండవ వైపును విడువరాదు. అడవి పల్లెలలో గిరిజనేతరులైన పేదలును కలరు. 2006 అటవీ హక్కుల చట్టము వారిని మరువలేదు గాని, మూడు తరముల, అనగా 75 సంవత్సరముల నివాసమునకు ఋజువు కోరినది. కూలివాని యింట అంతటి పాత కాగితముండునా? గిరిజనునకైనను కాగితము అరుదే. అందుచేత దరఖాస్తుదారుడు గాని గ్రామ వృద్ధుల వాఙ్మూలమును వ్రాసికొని సాక్ష్యముగ చూపవచ్చునని నియమములలో కలదు. మొదట విచారించునది గ్రామసభయే.