తీగలో వచ్చేది ధ్వని కాదు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నవి. ఆ రహదారికి దక్షిణపు వైపున, రైలుమార్గం మీద, మిర్యాలగూడ ఉన్నది. ఒకప్పుడు ఈ మూడు పట్టణాలలో ఎవరైనా ఒక పాటను ముద్రింపజేసుకోదలిస్తే హైదరాబాదుకో విజయవాడకో ప్రయాణం కట్టవలసి వచ్చేది. బస్సు ఖర్చు, వాద్యకారుల భత్యం, స్టూడియోకు గంటల లెక్కన అద్దె, ఇవన్నీ కలిసి పాట పుట్టక ముందే దాని గొంతు నొక్కేవి. నేడు ఆ పరిస్థితి మారినది. ఇంటిలో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, బల్ల మీద మూరెడు పొడవు గల కీబోర్డు: ఇంతమాత్రపు సామగ్రితో బతుకమ్మ పండుగకు ముందు కొత్త పాటలు వెలువడుతున్నవి, జాతర పాటలు, భజన పాటలు, ఎన్నికల పాటలు కూడా వెలువడుతున్నవి. ఆ మూరెడు కీబోర్డును కంప్యూటరుకు కలిపే విధానాన్ని గురించీ, కలిపిన తరువాత మన పాటకు ఏమి జరుగుతుందో దానిని గురించీ కొంత చెప్పదలచుకొన్నాము.

ఈ విషయంలో సర్వసాధారణంగా వినిపించే ఫిర్యాదు ఒకటే. కీబోర్డు కొన్నాము, తీగ తగిలించాము, దీపం కూడా వెలిగింది, కాని మెట్టు నొక్కితే చప్పుడు లేదు, వస్తువు చెడిపోయినదేమో అంటారు. చాలా సందర్భాలలో వస్తువు చెడిపోలేదు. దాని స్వభావమే అది. హార్మోనియంలో తిత్తి ఉన్నది, గాలి ఉన్నది, ఆ గాలికి కంపించే ఇత్తడి రీడ్లు ఉన్నవి. మెట్టు నొక్కగానే నాదం అక్కడే పుడుతుంది. ఈ కొత్త కీబోర్డులో రీడు లేదు, తంత్రి లేదు, స్పీకరు లేదు. దీనినుండి తీగలో ప్రవహించేది ధ్వని కాదు, సమాచారం మాత్రమే. ఏ మెట్టు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వేలు ఎత్తారు అనే మూడు సంగతులే అందులో ముఖ్యమైనవి. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసినది గాని, దాని పద్ధతి పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తంతిలో మనిషి గొంతు రాదు. సంకేతాలు వస్తాయి, అవతలివాడు వాటిని అక్షరాలుగా వ్రాసుకొంటాడు. ఇక్కడ ఆ అవతలివాడు కంప్యూటరు. వానికి వ్రాయడం తెలియకపోతే, అనగా అందులో ఒక వాద్యాన్ని మనం ముందుగా అమర్చకపోతే, వచ్చిన కబురు వచ్చినట్లే మౌనంగా పడి ఉంటుంది.

ఈ కబురుల భాషకే మిడి అని పేరు. 1981లో అమెరికాలో డేవ్ స్మిత్, చెట్ వుడ్ అనే ఇద్దరు, వేరువేరు సంస్థల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాష ఉండాలని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సభలో ప్రతిపాదించారు. జపానులో రోలాండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకేహాషి అప్పటికే అదే ఆలోచనతో ఉన్నారు. 1983 జనవరిలో అమెరికాలోని వాద్య వర్తకుల ప్రదర్శనలో, ప్రాఫెట్-600 అనే అమెరికా వాద్యాన్నీ, జూపిటర్-6 అనే జపాను వాద్యాన్నీ ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయిస్తే రెండవది పలికేటట్లు చూపించారు. పోటీ వ్యాపారులు ఇట్లా ఒక మాట మీదకు రావడం ఏ రంగంలోనైనా అరుదే. 2020లో దీనికి రెండవ రూపం వచ్చినా, 1983 నాటి భాష నేటికీ చెల్లుబాటులో ఉన్నది. మన చలనచిత్ర సంగీతంలోనికి ఇది 1980 దశకంలో ప్రవేశించింది. రాజ్–కోటి జంట వద్ద కీబోర్డు వాయించిన యువకుడు ఏ. ఆర్. రహ్మాన్ 1989లో మద్రాసులో తమ ఇంటి పెరటిలో ధ్వనిముద్రణశాల కట్టుకొన్నారు. 1992 నాటి ‘రోజా’ పాటల వెనుక ఉన్నది ఆ పెరటి గదియే. ఇంటి ముద్రణను చిన్నచూపు చూసేవారు ఈ సంగతి గమనించవలె.

ఇక కలిపే విధానం. నేటి కీబోర్డులలో చాలావాటికి యూఎస్‌బీ తీగ ఒకటే చాలు. విద్యుత్తు కూడా దానిలోనే వస్తుంది. కాని దీపం వెలగడం ఒకటి, కబురు చేరడం ఒకటి. బజారులో దొరికే తీగలలో కొన్ని ఫోనుకు ఛార్జింగు ఎక్కించడానికే చేసినవి. వాటిలో విద్యుత్తు పోయే దారి ఉంటుంది గాని సమాచారం పోయే దారి ఉండదు. కావున మొదట తీగ మార్చి చూడండి. తరువాత సాఫ్ట్‌వేరు. ఆడాసిటీ ఉచితంగా లభిస్తుంది, గొంతును చక్కగా ముద్రిస్తుంది. అయితే మిడి కీబోర్డు మీద వాయించినదానిని అది ముద్రించదు, ఎంతసేపు ప్రయత్నించినా ప్రయోజనం లేదు. ఎల్.ఎం.ఎం.ఎస్. ఉచితమైనది, ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గ్యారేజ్ బ్యాండ్ ఉన్నది, రీపర్ అనేది కొంతకాలం పరీక్షించి చూసి తరువాత కొనుక్కొనేది. ఏది తీసుకొన్నా పని నాలుగు అడుగులలో ఉన్నది. ప్రిఫరెన్సెస్ అనే చోట మిడి పరికరాల పట్టికలో మీ కీబోర్డు పేరు కనిపించవలె, దానిని అనుమతించవలె. ఒక ట్రాకు తెరచి, దాని ఇన్‌పుట్‌గా ఆ కీబోర్డునే ఎన్నుకొనవలె. ఆ ట్రాకు మీద ఒక వాద్యాన్ని, అనగా సాఫ్ట్‌వేరు రూపంలో ఉన్న పియానోనో వేణువునో, కూర్చోబెట్టవలె. చివరకు రికార్డు గుండీని ఎర్రగా వెలిగించి, మానిటరు తెరువవలె. చప్పుడు రానివారిలో ఎక్కువమంది మూడవ అడుగు వేయనివారే. పేరు పట్టికలో కనిపించి కూడా తెరుచుకోకపోతే, మరొక సాఫ్ట్‌వేరు ఆ కీబోర్డును ముందే పట్టుకొని కూర్చున్నదేమో చూడండి. చాలా విండోస్ కంప్యూటర్లలో ఒక కీబోర్డు ఒక సమయంలో ఒకరి మాటే వింటుంది.

కొందరి ఇళ్లలో స్పీకర్లతో కూడిన పాత కీబోర్డులు ఉన్నవి, పెండ్లి బృందాలలో వాయించినవి. వాటి వెనుక అయిదు పుల్లలు పట్టే గుండ్రని రంధ్రాలుంటాయి. ఒకటి అవుట్, ఒకటి ఇన్. వాటిని కంప్యూటరుకు కలపడానికి చిన్న ఇంటర్‌ఫేసు కావలసి ఉన్నది. వాద్యం అవుట్ నుండి బయలుదేరిన తీగ ఇంటర్‌ఫేసు ఇన్‌లో దిగవలె. పేరుకు పేరు జత చేస్తే పని జరగదు. ఈ పాత పద్ధతిలో ఒక చక్కని ఏర్పాటున్నది. తీగ అవతలి కొనలో విద్యుత్తు నేరుగా లోనికి పోదు. ఒక చిన్న దీపం మినుకుమినుకుమంటుంది, దాని వెలుగును ఎదుటి కన్ను చదువుతుంది. రెండు యంత్రాల మధ్య వెలుగే వంతెన అన్నమాట. అందువల్ల ఒక యంత్రంలోని కరెంటు రొద రెండవదానిలోనికి ఆ దారిన ప్రవేశించలేదు. యూఎస్‌బీ తీగకు ఈ కాపు లేదు. మీ ముద్రణలో సన్నని గుంయ్ మనే మోత వినబడితే, ల్యాప్‌టాపు ఛార్జరును ఊడదీసి బ్యాటరీ మీద ఒకసారి ప్రయత్నించండి. ఇంటి ఎర్తింగు సరిగా లేనిచోట ఈ చిన్న ఉపాయం పెద్ద ఖర్చును తప్పిస్తుంది. పాత కీబోర్డులో ఒకే స్వరం రెండుసార్లు పలికితే, లోకల్ కంట్రోల్ అనే ఏర్పాటును ఆపివేయండి. సొంత గొంతు మూసుకొని కంప్యూటరు గొంతుతోనే అది పలుకుతుంది.

చప్పుడు వచ్చిన తరువాత వచ్చే బాధ ఆలస్యం. వేలు ఇప్పుడు పడుతుంది, నాదం కాసేపటికి వస్తుంది. కంప్యూటరు ధ్వనిని కొంచెం కొంచెం పోగుచేసి పంపుతుంది. ఆ పోగుకే బఫర్ అని పేరు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 1,024 నమూనాల బఫర్ పెడితే ఆ ఒక్క అంచెలోనే సుమారు 23 మిల్లీసెకన్లు గడుస్తాయి. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి అది ఎనిమిది మీటర్ల దూరాన కూర్చున్నవాని హార్మోనియం విన్నట్లుంటుంది. 256కు తగ్గిస్తే ఆరు మిల్లీసెకన్లలోపే, అంటే రెండు మీటర్ల దూరం, పక్కన కూర్చున్నట్లే. మరీ తగ్గిస్తే కంప్యూటరు అందుకోలేక చిటపటలాడుతుంది. విండోస్‌లో ఏసియో అనే రకం డ్రైవరు వాడితే ఈ తగ్గింపు సాధ్యమవుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోను పెట్టుకొని వాయించే ప్రయత్నం మాత్రం మానుకొనండి. అందులోని ఆలస్యం తరచు సెకనులో పదవ వంతును మించుతుంది. ఎంతటి లయజ్ఞానం ఉన్నా దానితో పొత్తు కుదరదు.

ఇంతవరకు యంత్రం సంగతి. పాట సంగతి ఇంతకన్న చిక్కైనది. మిడి భాషలో ప్రతి మెట్టుకూ ఒక అంకె ఉన్నది. నడిమి షడ్జంగా పాశ్చాత్యులు భావించే స్వరం 60, దాని పక్కది 61. ఆ రెంటికీ నడుమ మెట్టు లేదు. మన పాట చాలావరకు బ్రతికేది ఆ నడుమనే. ఈ అభ్యంతరం కొత్తది కాదు, మా రేడియోలో అది ఒకప్పుడు నిషేధంగానే నిలిచినది. 1940 మార్చిలో ఆకాశవాణి హార్మోనియాన్ని తన ప్రసారాల నుండి తొలగించింది. గమకం పలకదనీ, మెట్టుకు మెట్టుకు నడుమ జారుడు లేదనీ, దాని శ్రుతులు మన శ్రుతులు కావనీ అప్పటి వాదం. 1970 దశకపు ఆరంభంలో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పది ఏండ్లూ మన పద్యనాటకాలు హార్మోనియంతోనే నడిచినవి, పల్లెల భజనలు హార్మోనియంతోనే సాగినవి. వాదంలో నిజమున్నది, నిషేధంలో మాత్రం వివేకం లేదని మా అభిప్రాయం.

మిడి కీబోర్డుకు హార్మోనియానికి లేని సౌకర్యం ఒకటున్నది. ఎడమచేతి పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం స్వరాన్ని పైకీ క్రిందికీ జార్చుతుంది. దాని కదలికను 16,384 భాగాలుగా ఈ భాష గుర్తిస్తుంది. మామూలుగా అటు రెండు అరస్వరాలు, ఇటు రెండు అరస్వరాలు దాని పరిధి. తోడి గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును చక్రం మీద బొటనవ్రేలితో సాధన చేయవచ్చు. వీణ మీద తంత్రిని లాగడానికి పట్టే కాలమే ఇక్కడా పడుతుంది, యంత్రమని తక్కువ పట్టదు. ఒక జాగ్రత్త ఉన్నది. చక్రం తిప్పితే ఆ ఛానెలులోని స్వరాలన్నీ కలిసి జారుతాయి. కనుక రాగం పలికే చేతిని ఒక ట్రాకు మీద, శ్రుతినీ తోడు స్వరాలనూ వేరొక ట్రాకు మీద ఉంచవలె.

వాద్యాల విషయంలో ఇంతకన్న లోపమున్నది. 1991లో జనరల్ మిడి అని 128 వాద్యాల పట్టిక ఒకటి స్థిరపరచారు. అందులో సితార్ ఉన్నది, షెహనాయి ఉన్నది. వీణ లేదు, నాదస్వరం లేదు, డప్పు లేదు, డోలు లేదు. తరువాత అనేక వాద్యాల నమూనా ధ్వనులు విడిగా దొరుకుతున్నా, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేండ్లకొకసారి జరిగే లింగమంతుల జాతరలో మ్రోగే భేరీని ఏ పట్టికలో వెదకగలము? ఆ భేరీకి తోలు ఉన్నది, తోలుకు వేడి ఉన్నది, కొట్టేవానికి భుజం ఉన్నది. ఇటువంటివాటిని మైకు పెట్టి ముద్రించవలసినదే. కీబోర్డు మీద డప్పు బొమ్మను నొక్కి డప్పు అనిపించుకొంటే, డప్పు కొట్టే మనిషికి ఆ నాటి కూలి పోయినట్లే. కీబోర్డు వలన ఆదా అయిన డబ్బులో కొంత ఆయనకు ఇచ్చి ఒక పూట ఇంటికి పిలవండి. వినేవానికి తేడా మొదటి దరువులోనే తెలుస్తుంది.

కాలం విషయం కూడా అట్టిదే. సాఫ్ట్‌వేరులో క్వాంటైజ్ అనే గుండీ ఉన్నది. తడబడిన స్వరాలను గళ్లలోనికి నెట్టి వరుసలో నిలబెడుతుంది. ఆ గళ్లు సాధారణంగా నాలుగేసి భాగాలుగా ఉంటాయి. మూడేసి మాత్రల నడక గల పాటను ఆ గళ్లలోనికి నెడితే పాట కుంటుతుంది. గళ్లను ముందుగా తిస్రానికి మార్చుకొనవలె. బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీల చప్పట్లు యంత్రపు టిక్కు టిక్కు మీద నడవవు. పాట పాడుతున్నకొద్దీ వేగం కొంచెం కొంచెంగా పెరగడం అక్కడి అందం. అటువంటి పాటకు గొంతునూ చప్పట్లనూ ముందు ముద్రించి, ఆ వేగాన్ని అనుసరించి కీబోర్డు తరువాత వాయించండి. పని ఎక్కువే గాని పాట బ్రతుకుతుంది.

మిడిలో ముద్రించినది చాలా కొద్ది చోటులో ఇముడుతుంది. మూడు నిమిషాల స్టీరియో ధ్వనికి సుమారు 3 కోట్ల 17 లక్షల బైట్లు కావలసి ఉండగా, అదే పాట వాయించిన వ్రేళ్ల కబురు సాధారణంగా కొన్ని వేల బైట్లలో సరిపోతుంది. పైగా ఆ కబురును తరువాత ఎంతైనా మార్చవచ్చు. అన్నిటికన్న ఎక్కువగా అక్కరకు వచ్చేది శ్రుతి మార్పు. ఒకటిన్నర శ్రుతిలో మగగొంతు కోసం వాయించి పెట్టినదానిని, స్వరం అంకెలు కొన్ని పైకి జరిపి, అయిదు శ్రుతిలో పాడే ఆడగొంతుకు అనుకూలం చేయవచ్చు, మళ్లీ వాయించనక్కరలేదు. కనుక వాద్యభాగం పూర్తయినదని దానిని వెంటనే ధ్వనిగా మార్చి మూసివేయకండి. మిడి రూపంలోనే ఉంచుకొనండి. పాడే ఆమె వచ్చి, మంచినీళ్లు త్రాగి, ఒక చరణం ఊరికే పాడి చూసుకొన్న తరువాత శ్రుతి నిర్ణయించండి.