హాన్లే ఆకాశం, మన బడి మైదానం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"లడఖ్‌లో నక్షత్రాలకి ఫొటోలు తీశావట, ఆ కబుర్లు చెప్పు" అన్నారు కమిటీవారు. చెబుతాను. చివర్లో కమిటీకి ఒక విన్నపం కూడా ఉంది. ముప్ఫై ఏళ్లుగా కరెంటు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు కాస్త ఉందనుకుంటాను.

2024 సెప్టెంబరు మొదటి వారంలో, పోలాల అమావాస్య రోజుల్లో, మా ఆవిడతో కలిసి హాన్లే వెళ్లాను. లేహ్ నుంచి సుమారు 250 కిలోమీటర్లు. ఊరి పక్క కొండ మీద, దాదాపు 4,500 మీటర్ల ఎత్తున, మన దేశపు పెద్ద అబ్జర్వేటరీ ఉంది. అక్కడి రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2022లో ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని 'డార్క్ స్కై రిజర్వ్'గా ప్రకటించారు. అంటే చీకటిని కాపాడటానికి ఒక సర్కారు ఉత్తర్వు! కిటికీలకి మందపాటి తెరలు వేసుకోవాలి, వీధి దీపం వెలుగు పైకి పోకూడదు, రాత్రి బండి హెడ్‌లైటు తగ్గించాలి. ఊళ్లో కొందరికి శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు ఇచ్చారు. వచ్చినవాళ్లకి ఆకాశం చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు.

ఫొటో తీయడం పెద్ద విద్యేమీ కాదు. కదలని ట్రైపాడ్, 20 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 2.8, ఐ.ఎస్.ఓ. 3200, ఇరవై సెకన్లు. అంతకన్నా బాగా ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి, ఎందుకంటే భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది. అసలు ఇబ్బంది చలితో. బ్యాటరీ ఇట్టే చల్లారిపోతుంది. రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, వేడి తగ్గకుండా చూసుకున్నాను. "సెలవులని తీసుకొచ్చి నన్ను ఫ్రిజ్‌లో పెట్టారు" అంది మా ఆవిడ. తెల్లవారుజామున మూడింటికి తూర్పున పైకొచ్చిన పిల్లలకోడిని ముందు చూసింది మాత్రం ఆవిడే.

ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తే అది ఆ ఊరి అక్షాంశం అని మన సోషల్ మాస్టారు బోర్డు మీద గీసి చెప్పారు. ఇక్కడ మనకి పదహారు డిగ్రీలు, తాటిచెట్ల తలల మీదుగా. హాన్లేలో ముప్ఫై మూడు. పిడికిలి చాచి కొలిచాను, పిడికిలికి పది డిగ్రీల లెక్కన. మూడు పిడికిళ్లు దాటింది. మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు, లెక్క సరిపోయిందండీ.

అదే లెక్క దక్షిణానికి తిప్పితే ఇంకో సంగతి తేలుతుంది. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు ఉంది. హాన్లేలో అది ఎంత పైకెక్కినా ఇరవై ఎనిమిది డిగ్రీలే. మన ఊళ్లో నలభై అయిదు! అంటే నేను అంత దూరం పోయి ఫొటో తీసిన పాలపుంత మన బడి మైదానం మీద ఇంకా ఎత్తున నడుస్తోంది. మన గాలిలో తేమ, దుమ్ము ఉన్నాయి, హాన్లే అంత స్వచ్ఛంగా కనిపించదు, ఒప్పుకుంటాను. కానీ చిన్నప్పుడు డాబాల మీద పడుకుని మనమంతా చూసిందే కదా. తేమ అప్పుడూ ఉంది. లేనిది ఈ లైట్లే.

ఇక విన్నపం. స్వర్ణోత్సవ కానుకగా మైదానంలో హైమాస్ట్ లైటు వేయాలని కమిటీ అనుకుంటోంది. వేయండి, పిల్లలు ఆడుకోవాలి, ఆడపిల్లలు భయం లేకుండా ఇంటికి వెళ్లాలి. నా చందా కూడా రాసుకోండి. అయితే దీపాలు అడ్డంగా కాకుండా సూటిగా నేలకేసి చూసేవి పెట్టండి. పైకి పోయే వెలుగుకి కూడా బిల్లు మనమే కడతాం. తెల్లటివి కాక, 3000 కెల్విన్ లోపు పసుపు రంగువి తీసుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకి ఆరిపోయేలా టైమరు పెట్టండి, ఆ ఖర్చు, బిగించే పని నావి. గేటు దగ్గర చిన్న దీపం ఒకటి ఉంటే వాచ్‌మన్‌కి చాలు.

హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే, ఉగాది ముందు కొత్త అమావాస్య నాడు తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని మైదానానికి పిలుద్దాం. ఆ వేళకి పాలపుంత దక్షిణాన బాగా పైకొచ్చి ఉంటుంది. కెమెరా, ట్రైపాడ్ నేను తెస్తాను. చాపలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.