సాకెట్‌లో ఇమిడినంత మాత్రాన చాలదు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



75 సంవత్సరాలు నిండిన పాఠశాలకు ఏదైనా కానుక సమర్పించాలన్న సంకల్పం పూర్వవిద్యార్థులకు కలగడం సహజం. ఒకనాడు ఆ కానుక గోడగడియారమో, పుస్తకాల బీరువానో అయ్యేది. నేడది తరచుగా కంప్యూటర్ రూపం దాలుస్తున్నది. కొత్త యంత్రాలకు నిధులు చాలనప్పుడు, పాతవాటిలో ప్రాసెసర్‌ను మాత్రం మార్చుకుందామన్న ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే. అయితే కొనబోయే ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డుకు సరిపడుతుందో లేదో ముందే విచారించకపోతే, దాత సొమ్మూ, పిల్లల పాఠమూ రెండూ నష్టపోతాయి.

ఈ విచారణ ఇప్పుడు మరింత అవసరమైంది. విండోస్ 10కు ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11, ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం నుండి మాత్రమే అంగీకరిస్తుంది. 6వ, 7వ తరం యంత్రాలున్న చోట, “8వ తరం ప్రాసెసర్ ఒకటి తెచ్చి అమర్చితే సరి” అని ఎవరికైనా తోస్తుంది. తీరా చూస్తే మూడు తరాల సాకెట్ పేరూ ఒక్కటే: ఎల్.జి.ఏ. 1151. అంటే 1151 స్పర్శబిందువులు గలది. ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంటుంది, మూత కూడా పడుతుంది. కాని యంత్రం మేల్కొనదు.

కారణం తెలుసుకోదగినది. 2015లో 6వ తరంతో వచ్చిన 100 శ్రేణి చిప్‌సెట్ బోర్డులనే ఉదాహరణగా తీసుకోవచ్చు. వాటిలో 6వ తరం ప్రాసెసర్ పనిచేస్తుంది. 2017 జనవరిలో వచ్చిన 7వ తరం కూడా పనిచేస్తుంది, అయితే తగిన బయోస్ ఉండాలి. 2017 అక్టోబరులో వచ్చిన 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఇంటెల్ 300 శ్రేణి చిప్‌సెట్‌ను నిర్దేశించింది. బిందువుల సంఖ్య మారలేదు. వాటిలో కొన్నింటికి అప్పగించిన పని మారింది, విద్యుత్తుకు కేటాయించినవి పెరిగాయి. తాళంచెవి రంధ్రంలో దూరినంత మాత్రాన తాళం తెరుచుకోదు గదా!

ఇది నేటి వింత కాదు. 1990లలో సాకెట్ 7 అనే ఒకే సాకెట్‌లో ఇంటెల్ పెంటియమ్, ఏ.ఎం.డి. కె6, సైరిక్స్ ప్రాసెసర్లు ఇమిడేవి. అయినా పాత పెంటియమ్ సుమారు 3.3 వోల్టులతో నడిచేది. 1997లో వచ్చిన పెంటియమ్ ఎం.ఎం.ఎక్స్. లోపలి భాగానికి 2.8 వోల్టులు కావలసి వచ్చేది. బోర్డు మీది జంపర్లను సరిచూసుకోవడం ఆనాటి మెకానిక్ మొదటి ధర్మం.

కనుక పరిశీలన క్రమంగా సాగాలి. మొదట బోర్డు పేరు, నమూనా సంఖ్య తెలుసుకోవాలి. అవి సాధారణంగా బోర్డు మీదనే ముద్రించి ఉంటాయి. పెట్టె విప్పనక్కరలేకుండా విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోనూ చూడవచ్చు. బయోస్ వెర్షన్ కూడా అక్కడే కనిపిస్తుంది. రెండవది, సాకెట్. మూడవది, చిప్‌సెట్. నాలుగవది, బోర్డు తయారీదారు ప్రకటించే ప్రాసెసర్ల పట్టిక. కొనదలచిన ప్రాసెసర్ పేరు అందులో ఉండాలి. దాని ఎదుట వ్రాసిన బయోస్ వెర్షన్ గాని, అంతకన్న కొత్తది గాని బోర్డులో ఉండాలి. పట్టికలో పేరు లేకుంటే కొనకపోవడమే వివేకం.

బయోస్ విషయంలో ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 సాకెట్ మంచి పాఠం. 2017లో మొదటి రైజెన్‌తో ప్రసిద్ధికెక్కిన ఈ సాకెట్‌లోకి 2022లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. కాని పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించాలంటే ముందు బయోస్‌ను నవీకరించాలి. ఆ పనికి చాలా బోర్డులలో పాత ప్రాసెసర్ యథాస్థానంలో ఉండాలి. దానిని తీసి అమ్మివేసిన తరువాత ఈ సంగతి తెలిస్తే ప్రయోజనం లేదు. నవీకరణ నడుమ కరెంటు పోతే బోర్డే పాడుకావచ్చు, యు.పి.ఎస్. లేకుండా ఆ పనికి పూనుకోరాదు.

మిగిలినవి చిన్న విషయాలుగా కనిపించినా ఖర్చు పెంచేవే. 2021లో వచ్చిన ఎల్.జి.ఏ. 1700 బోర్డులలో కొన్ని డి.డి.ఆర్.4 మెమరీని, కొన్ని డి.డి.ఆర్.5 మెమరీని కోరతాయి. ఒకదాని స్థానంలో మరొకటి దూరదు. కూలర్ బిగించే రంధ్రాల దూరం కూడా పాత ఎల్.జి.ఏ. 1151తో కలవదు. పేరు చివర ఎఫ్ అక్షరం గల ఇంటెల్ ప్రాసెసర్‌లో చిత్రాలు చూపే అంతర్భాగం పనిచేయదు; వేరే గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెరపై ఏమీ కనిపించదు. ప్రాసెసర్ కోరే విద్యుత్తును బోర్డు, పవర్ సప్లయి భరించగలవా అన్నదీ చూడాలి.

ఇందుకు పాఠశాలలో ఖర్చులేని ఏర్పాటు ఒకటి సాధ్యం. కంప్యూటర్ గదిలో ఒక రిజిస్టరు ఉంచి, ప్రతి యంత్రానికీ ఒక పుట కేటాయించి, బోర్డు పేరు, సాకెట్, చిప్‌సెట్, బయోస్ వెర్షన్, మెమరీ రకం, పవర్ సప్లయి సామర్థ్యం విద్యార్థుల చేతనే తెలుగులో వ్రాయించవచ్చు. దాత ఆ పుట చూసి కొంటాడు. వ్రాసిన విద్యార్థి యంత్రం లోపలి భాగాలను పేరుపేరునా ఎరిగినవాడవుతాడు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు సాంకేతిక విద్య అందదేమోనని బెంగపడే తల్లిదండ్రులకు ఆ రిజిస్టరే సమాధానం చెబుతుంది.

కానుక ఇచ్చే చేయి ఎంత గొప్పదో, ఇచ్చే ముందు అడిగే ప్రశ్న కూడా అంత గొప్పది. ఆ ప్రశ్న అడగడం నేర్పిన పాఠశాల వర్ధిల్లుగాక.