గెలిచినవాడే గొప్పవాడా?



మొన్నటి వేసవిలో తణుకులో ఒక మిత్రుని యింట రెండు దినములుంటిని. ఒక సాయంకాలమున వారి మనుమలిద్దఱు వీధియరుగుపై గూర్చుండి తీవ్రముగా వాదించుకొనుచుండిరి. వాదము పొలముగట్టును గూర్చి కాదు. అమెరికా దేశమున నాడెడి బాస్కెట్‌బాల్ ఆటలో సర్వకాలములందును శ్రేష్ఠుడెవడని. పెద్దవాడు మైకేల్ జోర్డాన్ అనును; అతనికి 6 ఛాంపియన్‌షిప్పులు గలవనును. చిన్నవాడు లెబ్రాన్ జేమ్స్ అనును. ఆ పోటీలలో అందఱికంటె నెక్కువ పాయింట్లు చేసినవాడతడే యనును. "ఎన్ని చేస్తే ఏం? కప్పులు నాలుగేగా!" అని పెద్దవాడు మాట త్రుంచివేసెను. చిన్నవాడు మఱి మాటలాడలేదు. అప్పుడు మా మిత్రుడు నావైపు దిరిగి, "ఏమండీ, కప్పులు లెక్కపెట్టి మనిషిని తూచవచ్చునంటారా?" అని యడిగెను. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. నేటి ప్రసంగమే ఆ సమాధానము.

వీరులను ఎక్కువ తక్కువలుగా వరుసబెట్టుట మనకు క్రొత్త కాదు. భారతమున ఉద్యోగపర్వమునందు, యుద్ధమునకు ముందు, దుర్యోధనుడడుగగా భీష్ముడు రెండు సేనలలోని రథులను, అతిరథులను లెక్కించి చెప్పెను. కర్ణుని వంతు వచ్చినప్పుడు వానిని అర్ధరథుడనెను. సహజకవచకుండలములు పోయినవి, పరశురాముని శాపము తగిలినది, కావున సగమే యని ఆయన లెక్క. కర్ణుడు మండిపడి, భీష్ముడు యుద్ధమున నిలిచియున్నంతకాలము తాను విల్లుపట్టనని శపథము చేసెను. పది దినములు కౌరవసేన కర్ణుడు లేకయే పోరెను. తరువాత, అంపశయ్యపై నున్న భీష్ముడే, తన యొద్దకు వచ్చిన కర్ణునితో విలువిద్యలో నీవు అర్జునునకు సమానుడవని యొప్పుకొనెను. వరుసబెట్టుట నోటిమాటయే, కాని ఆ మాట తప్పినచో నష్టపోవునది సేన యంతయు. ఈ సంగతి మనస్సున నుంచుకొని అమెరికా యాటను జూతము.

బాస్కెట్‌బాల్ 1891లో పుట్టినది. మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపలనే యాడుకొనుటకై, పది యడుగుల యెత్తున రెండు పండ్లబుట్టలు బిగించి బంతిని వానిలో వేయుడని నేర్పెను. నేడు జట్టునకు ఐదుగురు ఆడుదురు. మన చెడుగుడులో ఏడుగురు, క్రికెట్టులో పదునొకండుగురు. మనుష్యులు తగ్గినకొలది ఒక్కొక్కని పాలు పెరుగును. అందులోను మేటియాటగాడు ఆటలో మిక్కిలి భాగము బరిలోనే యుండును. బంతి వేయువాడును అతడే, ఎదుటివారి నడ్డగించువాడును అతడే. కడపటి పోటీ ఒక్క యాటతో ముగియదు. ఏడింట నాలుగు గెలిచినవారికే కప్పు. ఒక్కనాటి యదృష్టము అక్కడ చాలదు. కావుననే జట్టు గెలిచిన కప్పును మేటియాటగాని ఖాతాలో వ్రాయు నలవాటు ఆ యాటలో బలపడినది. ఆ యలవాటునకు మూలము లేకపోలేదు.

దానికి పెద్ద సాక్షి బిల్ రస్సెల్. ఆయన బోస్టన్ జట్టులో 1956 మొదలు 1969 వఱకు 13 ఋతువులాడి 11 కప్పులు గెలిచెను. కడపటి మూడేండ్లు తానే శిక్షకుడై యుండి ఆడెను కూడ. ఆయనకు ప్రత్యర్థి విల్ట్ ఛాంబర్లెయిన్. ఈతడు 1962 మార్చి 2వ తేదీన ఒక్క యాటలో 100 పాయింట్లు చేసెను. ఆ ఋతువంతయు సగటున ఆటకు 50 పాయింట్లకు పైగా చేసెను. అయినను ఆ యేటి యుత్తమ క్రీడాకారుని బహుమానము రస్సెల్‌కు వచ్చినది. ఎన్నుకొన్నవారు పత్రికలవారు కారు, తోడి యాటగాండ్రే. రస్సెల్ చేసెడి పని పాయింట్ల పట్టికలో కనబడదు. ఎదుటివాడు బుట్టవైపు విసరిన బంతిని తట్టునప్పుడు, చాలమంది దానిని దూరముగా కొట్టివేసి చప్పట్లు కొట్టించుకొందురు. రస్సెల్ దానిని మెల్లగా, తనవారి చేతికందునట్లు తట్టెడివాడు. అట్టి పని కనబడునది తుదకు గెలుపులోనే. కావున కప్పును చిన్నచూపు చూడరాదు. పట్టిక చూపలేని గుణమును కప్పు ఒక్కొక్కప్పుడు చూపును.

అయితే అదే 1962లో నేమి జరిగెనో వినుడు. కడపటి పోటీకి ముందటి మెట్టున రస్సెల్ జట్టును, ఛాంబర్లెయిన్ జట్టును తలపడినవి. ఆఱు ఆటలు ముగియునప్పటికి చెఱి మూడు. ఏడవ యాటలో రెండు జట్లును 107 వద్ద సమానముగా నుండగా, రెండు మూడు క్షణములు మిగిలియున్నప్పుడు బోస్టన్ జట్టువాడొకడు బంతి వేసెను. అది బుట్టలో బడినది; 109కి 107. బంతి వేసినవాడు రస్సెల్ కాదు, సామ్ జోన్స్. అది అంచు తగిలి తప్పియుండినచో లెక్క మాఱియుండెడిదేమో. అంతమాత్రమున రస్సెల్ తక్కువవాడగునా? ఛాంబర్లెయిన్ ఎక్కువవాడగునా? ఆ రాత్రి ఇద్దఱును ఆడవలసిన యాట ఆడియే యుండిరి.

కప్పుల లెక్కను చివరివఱకు లాగినచో అది తనంతట తానే తెగిపోవును. రాబర్ట్ హోరీ యను నాటగానికి 7 కప్పులు గలవు. జోర్డాన్‌కంటె ఒకటి యెక్కువ. ఆయన మంచి యాటగాడే, కీలకసమయములలో బంతి వేసి గెలిపించినవాడే. అయినను జోర్డాన్‌కంటె మేటి యని యెవరు నసరు. ఎల్గిన్ బేలర్ అను మహాక్రీడాకారుడు మోకాళ్లు చెడి 1971లో ఋతువు మొదటనే ఆట మానెను. ఆ మఱుసటి యాట మొదలు ఆయన జట్టు వరుసగా 33 ఆటలు గెలిచి, ఆ ఋతువుననే కప్పు తెచ్చుకొన్నది. పదుమూడేండ్లు బరువు మోసినవాడు ఇంటికి వచ్చిన పిదప పంట చేతికి వచ్చినది. కాని 1996లో ఆ పోటీల సంఘమువారు ఏబదిమంది శ్రేష్ఠుల పట్టిక వేసినప్పుడు బేలర్ పేరు వదలలేదు.

జెర్రీ వెస్ట్ కథ యింకను విచిత్రము. 1969లో కడపటి పోటీలో ఉత్తముడైనవానికి ప్రత్యేక బహుమాన మీయవలెనని క్రొత్తగా నేర్పాటు చేసిరి. ఏడవ యాటలో వెస్ట్ దెబ్బతిన్న కాలితో ఆడి 42 పాయింట్లు చేసెను. ఆయన జట్టు 2 పాయింట్లతో ఓడినది. గెలిచినది రస్సెల్ జట్టు. బహుమానము మాత్రము వెస్ట్‌కే యిచ్చిరి. తరువాత 2025 వఱకు ఓడినవాడొక్కడును దానిని పొందలేదు. 2009లో ఆ బహుమానమునకు రస్సెల్ పేరే పెట్టిరి. గెలిచినవాని పేర నున్న బహుమానమును మొట్టమొదట నందుకొన్నవాడు ఓడినవాడు! ఆనాటి నిర్ణేతలు జట్టును వేఱుగను, మనిషిని వేఱుగను జూచిరి.

మన తెలుగువారి సంగతి చూతము. నాగపురమున తెలుగు కుటుంబములో 1895లో జన్మించిన సి.కె. నాయుడుగారు 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టుపై 153 పరుగులు చేసిరి. అందు 11 సిక్సర్లు. 1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకులైరి. ఆయన ఆడిన టెస్టులు ఏడు. వానిలో నొక్కటియు మనము గెలువలేదు. దేశమునకు మొదటి టెస్టు విజయము 1952లో మద్రాసులో వచ్చినది. గెలుపుల లెక్కలో ఆయనకు సున్న. అయినను 1956లో పద్మభూషణము పొందిన మొదటి క్రికెట్టు వీరుడు ఆయనయే. పదునొకండుగురు ఆడెడి యాటలో ఒక్కని చేతిమీదుగా గెలుపు రాకపోవుట వాని లోపము కాదు.

ఇక ఒంటరియాట యైన చదరంగము. కొల్లేటి కావలివైపున, గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 2011లో ప్రపంచ మహిళా కిరీటమునకు చైనా దేశపు హౌ యిఫాన్‌తో తలపడి ఓడెను. తరువాత త్వరితగతి చదరంగములో 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచవిజేత యయ్యెను. ఇచ్చట తోడువారు లేరు. గెలుపు, ఓటమి అన్నియు తనవే. అయినను చదరంగమువారు సైతము కిరీటముల లెక్కతో తృప్తిపడలేదు. అమెరికాలోని అర్పాద్ ఎలో అను ఆచార్యుడు కట్టిన లెక్కను అంతర్జాతీయ సంఘము 1970లో స్వీకరించినది. బలవంతుని గెలిచినచో ఎక్కువ కలియును. బలహీనుని గెలిచినచో కొంచెమే కలియును. బలహీనునిచే ఓడినచో ఎక్కువ పోవును. ఎవనితో ఆడితివి, ఎట్లు ఆడితివి యనునదే ప్రశ్న. హంగరీ దేశపు జూడిత్ పోల్గార్ మహిళా కిరీటమునకు పోటీయే చేయలేదు. అయినను స్త్రీలలో ఆమెకు సాటి లేరని చదరంగమెఱిగినవారందురు.

ఇవి యన్నియు దూరపు సంగతులు. ఇక నా తప్పొకటి చెప్పి ముగించెదను. కొన్నేండ్ల క్రిందట ఈ ప్రాంతముననే ఒక గ్రామములో సంక్రాంతికి చెడుగుడు పోటీలు జరిగినవి. నిర్ణేతలలో నేనొకడను. చివరి యాట ఒక్క పాయింటుతో తేలినది. ఓడిన జట్టులో నొక కుఱ్ఱవాడు, మోకాలి చర్మము లేచి నెత్తురు కారుచున్నను, కూతకు వెళ్లినప్పుడెల్ల ఒకనినో యిద్దఱినో తాకి వచ్చెను. తనవారు బయట కూర్చుండగా ఒంటిగా నిలిచి ఆటను చివరివఱకు లాగుకొని వచ్చినవాడు వాడే. ఉత్తమ క్రీడాకారుని కప్పు ఎవరికని ప్రశ్న వచ్చినప్పుడు మేము క్షణమైన నాలోచింపలేదు. గెలిచిన జట్టు నాయకుని చేతిలో పెట్టితిమి. ఆ నాయకుడు ఆ యాటలో నేమి చేసెనో నాకిప్పటికిని జ్ఞప్తికి రాదు.

మఱుసటి సంక్రాంతికి ఆ కుఱ్ఱవాడు రాలేదు. దారిలో కనబడగా, "ఏమోయ్, ఆటకు రాలేదేమి?" అంటిని. "జట్టు గెలిస్తేనే కదండీ నేను ఆడినట్టు లెక్క. పొలం పని చూసుకుంటున్నాను తాతగారూ" అనెను. ఆ మాటలో కోపము లేదు. కోపమున్నను బాగుండెడిది.

అప్పటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. చివరి యాట నడుచుచుండగనే, ఫలితము తేలకముందే, ప్రతి నిర్ణేతయు తనకు మేటిగా దోచినవాని పేరు చీటీపై వ్రాసి మడిచి పెద్దకు ఇయ్యవలెను. కూతకు వెళ్లినవానినే గాక, పట్టు విడువక నిలిచినవానిని గూడ చూడవలెను. జట్టు కప్పు జట్టునకు. మనిషి కప్పు మనిషికి. మొదటియేడు చీటీలు విప్పినప్పుడు వానిలో రెండు, ఓడిన జట్టువాని పేరుతో నుండినవి.

మీ గ్రామములలో బహుమానములిచ్చు పెద్దలు మీరే. పిల్లలు గెలుపును ప్రేమింపవలసినదే. గెలుపు కొఱకు పోరనివాడు ఆడుటయే లేదు. కాని గెలుపులో వాని పాలెంతయో తూచి చూచు నోపిక మనకుండవలెను. తణుకులోని ఆ చిన్నవానికి నా సమాధానమిదియే: నాయనా, కప్పు సాక్షి మాత్రమే, తీర్పు కాదు, సాక్షిని నిలువదీసి ప్రశ్నింపుము.

భీష్ముని మాటకు అలిగిన కర్ణుడు పదునొకండవ దినమున తిరిగి వచ్చెను. మా చెడుగుడు కుఱ్ఱవాడు మాత్రము నేటివఱకు రాలేదు.